సిమెంట్ సీమలో నీళ్లకే కరువు.. 'నానో' కాంక్రీట్ ఇక్కడ గట్టెక్కిస్తుందా?

యర్రగుంట్ల, చిలంకూరు, జమ్మలమడుగు, పాణ్యం, కొలిమిగుండ్ల.. ఉమ్మడి కడప, కర్నూలు జిల్లాల్లో ఎటు వెళ్లినా సిమెంట్ లారీలే. ఇక్కడి సున్నపురాయే ఇన్ని ఫ్యాక్టరీలను రప్పించింది. మరి ఆ సిమెంట్‌తోనే పోసిన స్లాబ్ మొదటి వేసవికే బీటలిస్తే తప్పెవరిది? సిమెంట్‌దా? మేస్త్రీదా? చాలాసార్లు రెండూ కాదు.. నీళ్లది!

అసలు లోపల ఏం జరుగుతుంది?

సిమెంట్ ఆరితే గట్టిపడుతుందనుకుంటాం. నిజానికి నీళ్లు తాగితేనే గట్టిపడుతుంది. సిమెంట్, నీళ్లు కలిసినప్పుడు 'సీ-ఎస్-హెచ్' అనే జిగురు పుడుతుంది. ఇసుకను, కంకరను పట్టి ఉంచేది ఇదే. దీని నిర్మాణం నానోమీటర్లలో ఉంటుంది. అంటే మీటర్‌లో వంద కోట్ల వంతు. ఈ జిగురు సరిగా పెరగకపోతే సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. వాటిగుండా తేమ, ఉప్పు లోపలికి దిగి కమ్మీకి తుప్పు పట్టిస్తాయి. తుప్పు ఉబ్బితే పెచ్చులూడటం ఖాయం.

ఆ రంధ్రాలను పూడ్చడానికే నానో సిలికాపై ప్రపంచమంతా పరిశోధనలు జరుగుతున్నాయి. కొద్దిగా కలిపినా అదనపు జిగురు పుడుతుంది. కానీ ధర ఎక్కువ. సరిగా కలవకపోతే ముద్దకట్టి ప్రయోజనం పోతుంది.

మన దగ్గరున్న దారులు

యర్రగుంట్ల దగ్గరి ఆర్టీపీపీ బూడిద కూడా ఇలాంటి పనే చేస్తుంది, కాకపోతే నిదానంగా. మరో దారి ఎల్‌సీ3 సిమెంట్. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి కలపడం వల్ల ఇందులో క్లింకర్ సగానికి తగ్గుతుంది. ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాస్ స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలతో కలిసి దీనిపై పనిచేశాయి. 2023లో బీఐఎస్ ప్రమాణం కూడా వచ్చింది. సున్నపురాయికి సీమలో కొదవ లేదు. తగిన మట్టి దగ్గర్లో దొరకడమే ముఖ్యం.

చిక్కంతా ఇక్కడే!

మామూలు సిమెంట్‌కు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంట్‌కు కనీసం 10 రోజులు నీళ్లు పట్టాలని ఐఎస్ 456 చెబుతోంది. ఎండ ముదిరి గాలి పొడిగా ఉన్నా 10 రోజులు తప్పదు. కానీ ట్యాంకర్ కొనుక్కునే ఊళ్లో మూడు రోజులకే చేతులెత్తేస్తారు. పోనీ బోరు నీళ్లు వాడదామంటే ఉప్పదనం. కమ్మీ వేసే కాంక్రీట్‌లో కలిపే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు.

అందుకే ల్యాబ్‌లో చల్లగా, తడిగా ఉంచిన దిమ్మెల ఫలితాలు సీమకు సరిపోవు. 40 డిగ్రీల ఎండలో, ఇక్కడి బోరు నీళ్లతో, తక్కువ క్యూరింగ్‌తో పరీక్షించాలి. పులివెందుల జేఎన్‌టీయూ లాంటి ఇంజినీరింగ్ కాలేజీలు, పక్కనే ఫ్యాక్టరీలు ఉండగా ఇది పెద్ద పనేమీ కాదు.

అంతవరకు ఇల్లు కట్టేవాళ్ల చేతిలో ఉన్నది ఒక్కటే. సిమెంట్ కలిపేటప్పుడు మేస్త్రీ ఎక్కువ నీళ్లు పోయకుండా చూడాలి. స్లాబ్ మీద మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలపాలి, పిల్లర్లకు తడి గోనెసంచులు చుట్టాలి. సిమెంట్, కమ్మీ ఖర్చుతో పాటు ఆ 10 రోజుల ట్యాంకర్ల ఖర్చునూ ముందే అంచనాలో రాసుకోవాలి.