గీయకముందే గ్రాఫును పరీక్షించాలి

2020 మే నెలలో అమెరికాలోని జార్జియా రాష్ట్ర ఆరోగ్య శాఖ ఒక బార్ చార్టు విడుదల చేసింది. కేసులు ఎక్కువగా ఉన్న ఐదు కౌంటీలలో కొవిడ్ తగ్గుముఖం పట్టినట్టు అందులో కనిపించింది. అడుగున ఉన్న తేదీలు చదివినవాళ్లకే అసలు సంగతి తెలిసింది. మే 2 తర్వాత ఏప్రిల్ 26 ఉంది! పెద్ద సంఖ్యలు ముందు, చిన్నవి వెనుక వచ్చేలా బార్లు పేర్చడంతో రోజులు తారుమారయ్యాయి. విమర్శలు వచ్చాక శాఖ దాన్ని సరిదిద్దింది. అదే ఏడాది ఇంగ్లండులో సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు. పాత తరహా ఎక్సెల్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు, మిగిలినవి చడీచప్పుడు లేకుండా రాలిపోయాయి. ఆ అంకెలతో గీసిన గ్రాఫులో మాత్రం గీత ఎక్కడా తెగలేదు. గ్రాఫు చూసి జనం గడప దాటాలో వద్దో తేల్చుకుంటున్న రోజులవి. అలాంటి గ్రాఫును గీసే కోడ్‌ను బ్యాంకు లెక్కలు చూసే కోడ్ అంత కఠినంగా పరీక్షించాలి. ఆ పనికి ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలు చూపిన దారే మేలైనదని నా వాదన.

గ్రాఫు కోడ్‌ను పరీక్షించడమంటే సాధారణంగా బొమ్మ గీయించి చూడటమే. ఇంకొంచెం శ్రద్ధ ఉంటే నిన్నటి బొమ్మతో నేటి బొమ్మను పిక్సెల్ పిక్సెల్ పోలుస్తారు. ఈ పద్ధతి ఎంత పెళుసైనదో పైథాన్ వాడేవాళ్లకు తెలుసు. అక్షరాలను గీసే లైబ్రరీ వెర్షన్ మారితే చాలు, గ్రాఫులో ఏ తప్పూ లేకున్నా పరీక్ష తప్పుతుంది. అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. నిన్నటి బొమ్మే తప్పయితే, ఈ పరీక్ష ఆ తప్పును పదిలంగా కాపాడుతుంది.

హాస్కెల్, ఎల్మ్ వంటి ఫంక్షనల్ భాషల్లో పని రెండుగా విడిపోతుంది. డేటా తీసుకుని ‘ఏ బార్ ఎక్కడ, ఎంత ఎత్తు, కింద ఏ తేదీ’ అన్న వర్ణనను ఇచ్చే ఫంక్షన్ ఒకటి. ఆ వర్ణనను తెర మీద గీసే భాగం మరొకటి. మొదటిది స్వచ్ఛమైన ఫంక్షన్. అదే డేటా ఇస్తే ఎప్పుడూ అదే జవాబు, ఫైలునో తెరనో తాకదు. హాస్కెల్‌లో ఈ సంగతి ఫంక్షన్ టైపులోనే తెలుస్తుంది, గీత దాటితే కంపైలర్ ఒప్పుకోదు. వర్ణన కూడా డేటాయే కాబట్టి దాన్ని ప్రశ్నించవచ్చు. ఇక్కడే క్విక్‌చెక్ అక్కరకొస్తుంది. కోయెన్ క్లేసెన్, జాన్ హ్యూస్ 1999లో హాస్కెల్ కోసం రూపొందించిన ఈ సాధనంలో ఒక్కో ఉదాహరణ రాయనక్కర్లేదు. ఎల్లప్పుడూ నిజం కావలసిన నియమం చెబితే, అది యాదృచ్ఛికంగా వందల కొద్దీ ఇన్‌పుట్లు పుట్టించి ఆ నియమాన్ని విరగ్గొట్టడానికి చూస్తుంది. విరిగితే, విరగ్గొట్టిన ఇన్‌పుట్‌ను కుదించి చిన్న ఉదాహరణగా చేతికిస్తుంది. ‘వరుసలను ఎలా తారుమారు చేసినా తేదీలు ఎడమ నుంచి కుడికి పెరగాలి’ అన్న నియమం ఒక్కటి ఉంటే జార్జియా చార్టు బయటికొచ్చేది కాదు. ఇంగ్లండు పొరపాటు గ్రాఫు కోడ్‌కు ముందు మెట్టులో జరిగింది. అందుకే ‘లోపలికి వచ్చినన్ని కేసులూ బయటికి రావాలి’ అన్న నియమం ల్యాబుల నుంచి ఫైలు వచ్చే దగ్గరే మొదలవ్వాలి. యాదృచ్ఛిక ఇన్‌పుట్లు ఊహించని సందర్భాలనూ బయటపెడతాయి. ఉదాహరణకు, అన్ని విలువలూ సమానమైతే స్కేలు లెక్కలో సున్నాతో భాగించాల్సి రావచ్చు. చూసి సరిపెట్టుకునే మనిషికి ఈ సందర్భం తట్టడం అరుదు.

గ్రాఫు ఉన్నదే కంటికోసం కదా, కన్నే తీర్పరి కావాలి కదా అంటారు. ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో ఇచ్చిన నాలుగు డేటా పట్టికలను వాళ్లు గుర్తుచేయవచ్చు. నాలుగింటికీ సగటు, విస్తృతి, సహసంబంధం దాదాపు ఒకటే, గీసి చూస్తే నాలుగూ నాలుగు రకాలు. ఆ మాటలో నిజముంది. అయితే కన్ను ఉన్నదాన్ని చూస్తుంది, రాలిపోయిన వరుసలను చూడలేదు. అలాగని నియమాలు అన్నీ పట్టేస్తాయనీ అనను. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, కనీస నీటిమట్టం 510. ‘బార్ సున్నా నుంచి మొదలవ్వాలి’ అన్న మంచి నియమాన్ని పాటించి అడుగుల్లో గీస్తే, కాలువలకు వదలడానికి నీళ్లు లేని రోజున కూడా బార్ 86 శాతం నిండుగా కనిపిస్తుంది. పరీక్షలన్నీ నెగ్గి మరీ రైతును మోసం చేసే గ్రాఫు అది. అడుగులు కాదు, వాడుకోగల నిల్వను టీఎంసీల్లో చూపాలన్న నియమం సాగునీటి ఇంజినీరు చెబితేనే పుడుతుంది.

హాస్కెల్ వచ్చినవాళ్లు ఎందరున్నారన్నది మరో అభ్యంతరం. తక్కువే, ఒప్పుకుంటాను. కానీ పద్ధతి ఆ భాషకే కట్టుబడి లేదు. పైథాన్‌లో హైపోథెసిస్, జావాస్క్రిప్టులో ఫాస్ట్‌చెక్ ఇదే పని చేస్తాయి. లెక్క ఒకచోట, గీత ఒకచోట అన్న క్రమశిక్షణను మాత్రం అక్కడ మనుషులే కాపాడుకోవాలి, గడువు తరుముతున్నప్పుడు మొదట సడలేది అదే. కాబట్టి జనం ప్రాణాలతో, పంటలతో ముడిపడిన డాష్‌బోర్డులకైనా ఆ కాపలాను కంపైలర్‌కు అప్పగించాలని కోరుతున్నాను. ఈ నియమాలను మామూలు తెలుగులో ఒక్కో వాక్యంగా రాయవచ్చు. ప్రభుత్వ శాఖలు గ్రాఫు పక్కనే వాటినీ ప్రచురిస్తే, ఏది పరీక్షించారో, ఏది వదిలేశారో విలేకరి, వైద్యుడు, ఆయకట్టు రైతు కూడా అడగగలుగుతారు.