చదువుకున్న కచేరీలు

దిర్ ఆన్ గ్రే అనే జపాన్ రాక్ బృందం 2005లో బెర్లిన్‌లోని కొలంబియాహాలేలో కచేరీ చేసింది. పాటలు జపనీస్‌లో. చెప్పుకోదగ్గ ప్రచారమేమీ జరగలేదు. అయినా టిక్కెట్లు ముందే అమ్ముడైపోయాయి. మరుసటి ఏడాది అదే బృందం జర్మనీలో పేరుమోసిన రాక్ అమ్ రింగ్ ఉత్సవంలో, 2007లో హెవీ మెటల్‌కు పెద్ద వేదికైన వాకెన్‌లో పాడింది. బెర్లిన్‌లో ఆ టిక్కెట్లు కొన్నవాళ్ళంతా అప్పటిదాకా ఎక్కడున్నట్టు? ఇళ్ళలోనే ఉన్నారు, చదువుకుంటూ. బడి పుస్తకాలు కావు. తాము చూడని కచేరీల గురించి, చూసొచ్చిన వాళ్ళెవరో రాసిన కబుర్లు.

వాళ్ళు మనసు పారేసుకున్న ఆ సంగీతానికి జపాన్‌లో విజువల్ కేయ్ అని పేరు. చిబా ప్రాంతంలోని తతెయామా అనే ఊళ్ళో యోషికి, తోషి అనే ఇద్దరు చిన్ననాటి స్నేహితులు 1982లో ఎక్స్ అనే బృందం పెట్టారు. తర్వాత అదే ఎక్స్ జపాన్ అయింది. 1989లో వచ్చిన ‘బ్లూ బ్లడ్’ ఆల్బమ్ మీద వాళ్ళు అచ్చువేసుకున్న నినాదంలో విజువల్ షాక్ అన్న మాట ఉంది. 1990లో షాక్స్ అనే పత్రిక పుట్టి ఈ తరహాకే అంకితమైంది. ఆకాశానికి నిక్కిన జుట్టు, ముఖమంతా తెల్లరంగు, కళ్ళచుట్టూ కాటుక, లేసుల గౌన్లు, తోలు జాకెట్లు. బక్-టిక్, లూనా సీ, మాలిస్ మిజెర్, గజెట్ ఒకదానికొకటి పోలిక లేకుండా వాయించినా, పాటకన్నా ముందు రూపంతో మాట్లాడే పద్ధతి మాత్రం అందరిదీ. ఇంగ్లిష్ గాయకుడు డేవిడ్ బౌవీ నుంచి, అమెరికా రాక్ బృందం కిస్ నుంచి కొంత తెచ్చుకున్నారు. జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకిలో మగవాళ్ళే ఆడవేషం కట్టే పద్ధతి ఇంటిదే. మాలిస్ మిజెర్ గిటారిస్టు మాన పెదవి విప్పకుండా లేసు గౌనులో నిలబడితే పాశ్చాత్య విలేకరులకు వింతగా తోచవచ్చు. స్థానం నరసింహారావునూ వేదాంతం సత్యనారాయణ శర్మనూ సత్యభామలుగా చూసిన తెలుగువాళ్ళకు అంత ఆశ్చర్యం అక్కర్లేదు.

ఇంతగా కంటికోసం తయారైన కళ దేశం దాటేసరికి కంటికి దొరక్కుండా పోయింది. కారణం దాని పుట్టిల్లు. విజువల్ కేయ్ స్టేడియంలలో పుట్టలేదు. లైవ్ హౌస్ అనే చిన్న హాళ్ళలో పుట్టింది. ఎక్స్ బృందం తొలినాళ్ళలో వాయించిన టోక్యోలోని మెగురో రొకుమేకన్ లాంటివి అవి. నేలమాళిగలో నల్లగోడలు, రెండు మూడు వందలమంది పడితే ఊపిరాడని చోటు. టిక్కెట్టు మీద ఒక సంఖ్య ఉంటుంది. తలుపు దగ్గర మనిషి ఆ సంఖ్యలు వరసగా పిలుస్తుంటే ఒక్కొక్కరూ లోపలికి పోవాలి. లోపలికెళ్తూ పానీయం కోసమని మరో ఐదారు వందల యెన్‌లు విడిగా కట్టాలి, దాహం ఉన్నా లేకపోయినా. ఒకే సాయంత్రం ఐదారు బృందాలు తలా అరగంట వాయిస్తాయి. ఏ బృందం వంతు వస్తే ఆ బృందం అభిమానులు ముందుకొస్తారు, అయిపోగానే వెనక్కి తగ్గి వచ్చేవాళ్ళకు చోటిస్తారు. పాటపాటకూ చేతుల కదలిక వేరు. ఇక్కడ నడుం వంచి తల విసరాలి, ఇక్కడ ఎడమకు పరుగెత్తి మళ్ళీ కుడికి రావాలి, ఇక్కడ రెండు చేతులూ చాచి గిటారిస్టు వైపు విప్పాలి. ఎవరూ నేర్పరు, అందరికీ వచ్చు. పెళ్ళిపందిట్లో ఎప్పుడు అక్షతలు వెయ్యాలో పేరంటాళ్ళకు వచ్చినట్టు.

ఆ హాళ్ళలో ఫొటోలు, వీడియోలు సాధారణంగా నిషిద్ధం. కొరియా పాప్ బృందం వేదికెక్కితే వేయి ఫోన్లు పైకి లేస్తాయి. గంట తిరక్కుండా ప్రపంచమంతా చూసేస్తుంది. ఇక్కడ ఫోను సంచిలోనే. అంచేత నిన్న రాత్రి ఏం జరిగిందో తెలియాలంటే అక్కడున్న మనిషి ఇంటికొచ్చి రాయాలి. ఏ పాట తర్వాత ఏ పాట పాడారు, మధ్యలో గాయకుడు ఏమన్నాడు, బాసిస్టు జోకుకు డ్రమ్మరు నవ్వాడా లేదా, కొత్త దుస్తుల చేతులకు లేసు ఉందా. దాన్ని జపనీస్ వచ్చిన మరొకరు ఇంగ్లిష్‌లోకీ, జర్మన్‌లోకీ, పోర్చుగీస్‌లోకీ తెస్తారు. జీతం లేదు, పేరు లేదు. టోక్యోలో సాయంత్రం ఆరున్నరకు కచేరీ మొదలయ్యేసరికి సావ్ పావ్లోలో ఇంకా పొద్దున ఆరున్నర, జర్మనీలో బడి జరుగుతున్న వేళ, మనకు మధ్యాహ్నం మూడు. కచేరీ జరుగుతున్నంతసేపూ ఆ దేశాల్లో కొన్ని వేలమందికి ‘ఇప్పుడు అక్కడ జరుగుతోంది’ అన్న ఎరుక ఒకటి మనసు వెనక ఆడుతూ ఉంటుంది. ఆ తర్వాత చదువు.

సంగీతాన్ని చదివి ప్రేమించడం తక్కువ రకం ప్రేమ అని తీర్పు చెప్పడానికి తొందరపడనక్కర్లేదు. చదివేవాళ్ళకు ఊహించే పని పడుతుంది. నాలుగు వాక్యాల వర్ణన నుంచి వెలుగులు, చెమట, తెర పడేముందు నిశ్శబ్దం అన్నీ తామే కట్టుకోవాలి. పాట అర్థం కావాలంటే జపనీస్ రాతలోని కంజీ అక్షరాలు నేర్వాలి. ఇష్టమైన గాయకుడు పాత లిపి అక్షరాలు వాడితే నిఘంటువు కొనుక్కోవాలి. ఇలా మొదలై జపనీస్ చదువులోకీ అనువాద వృత్తిలోకీ పోయినవాళ్ళు యూరప్‌లో, లాటిన్ అమెరికాలో అరుదు కాదు. పదిహేనేళ్ళ పిల్ల గదిలో గోడనిండా ముఖాలకు రంగులేసుకున్న మగవాళ్ళ బొమ్మలు చూసి దిగులుపడ్డ తల్లిదండ్రులు, ఆ పిల్ల బల్లమీద కంజీ అభ్యాసపుస్తకాలు చూడకపోయి ఉండవచ్చు.

ఈ ప్రేమ చవక కాదు. జపాన్ కంపెనీలు ఒకే పాటను మూడు రకాలుగా అమ్ముతాయి: ఒకదాంట్లో వీడియో డీవీడీ, ఒకదాంట్లో మరో వీడియో, మామూలుదాంట్లో అదనంగా ఒక పాట. మూడూ కొంటే తప్ప మొత్తం చేతికి రాదు. భక్తి మీద వేసిన పన్ను అది, ఇంకో పేరు పెట్టడం కష్టం. కొన్న డీవీడీ ఆడాలిగా. జపాన్‌కూ పడమటి యూరప్‌కూ రీజియన్ సంఖ్య 2; అమెరికాది 1, లాటిన్ అమెరికాది 4, మనది 5. సముద్రాలు దాటించి తెప్పించుకున్న పళ్ళెం ఇంట్లో యంత్రం మింగి, క్షమించమని కక్కేస్తుంది. టిక్కెట్ల సంగతి మరీ కష్టం. చాలాచోట్ల జపాన్ చిరునామా, జపాన్ ఫోన్ నంబరు అడుగుతారు. లాటరీలో పేరు వస్తే వీధి మూల కన్వీనియన్స్ స్టోర్‌లో డబ్బు కట్టమంటారు. బ్యూనస్ ఎయిరిస్‌లో ఉన్న మనిషికి ఆ మూల ఎక్కడిది? ఇదంతా విదేశీయుల మీద పగతో చేసింది కాదు. వారంలో ఏదో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా హాలుకొచ్చే స్థానిక అభిమానిని మనసులో పెట్టుకుని కట్టిన ఇల్లది. విదేశీయులు ఆ ఇంటికి పిలవని చుట్టాలు. కాకపోతే ఇల్లుగలవాళ్ళకన్నా ఎక్కువ శ్రద్ధతో గోడలు గుర్తుపెట్టుకున్నారు.

ఈ సంగీతం దగ్గరికి చాలామంది వచ్చిన దారి యానిమే, అంటే జపాన్ యానిమేషన్. లార్క్ ఆన్ సియెల్ పాట ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’లో, నైట్‌మేర్ పాట ‘డెత్ నోట్’లో విని, ఎవరు పాడారో వెతుక్కుంటూ పోయారు. లార్క్ ఆన్ సియెల్ 2004లో అమెరికాలో తొలిసారి పాడింది కూడా బాల్టిమోర్‌లో జరిగిన యానిమే సదస్సులోనే. ఆ బృందానికి విజువల్ కేయ్ ముద్ర నచ్చదన్నది వేరే కథ. 2007లో యోషికి లాస్ ఏంజెలెస్‌లో జె-రాక్ రివల్యూషన్ పేరిట అనేక బృందాలను ఒకచోట చేర్చారు. 2011లో ఎక్స్ జపాన్ దక్షిణ అమెరికా తిరిగింది, 2013లో గజెట్ వెళ్ళింది. ఆ కచేరీల మధ్య విరామాలు ఏళ్ళలో లెక్కపెట్టాలి. మిగిలిన కాలమంతా చదువే.

దూరం వల్ల కలిసొచ్చిందీ ఉంది. లైవ్ హౌస్‌లో ముందు వరస బహిరంగ ఆస్తి కాదు. పాతకాపులు దాన్ని తమలో తాము పంచుకుంటారు. కొత్తమ్మాయి తెలియక అక్కడ నిలబడితే చూపులు గుచ్చుకుంటాయి. బృందం సభ్యుల ఇన్‌స్టంట్ ఫొటోలు, వాటిని చెకి అంటారు, ఎవరి బొమ్మ వస్తుందో తెలియకుండా అమ్ముతారు. ఒక్కోటి సుమారు 500 యెన్‌లు. కావలసిన ముఖం దక్కేదాకా కొనడం, హాలు బయట నేలమీద పరుచుకుని మార్చుకోవడం మామూలు దృశ్యం. జీతంలో సగం దీనికే పోసే అమ్మాయిల కథలు జపాన్‌లో కొత్త కావు. ఈ జూదమంటే ఈ రచయితకు గిట్టదు. దూరాన ఉన్న అభిమానిని ఆ జూదమూ పెద్దగా తాకదు, ఆ చూపులూ తాకవు. ఆమెకూ జబ్బులున్నాయి లెండి: ఈ బృందాన్ని నీకంటే ముందు నేను కనుక్కున్నానన్న గర్వం, పదాల అర్థం మీద అర్ధరాత్రి తగవులు.

జపాన్‌వాళ్ళు మాత్రం ఇటువంటి పిచ్చికి కొత్తవాళ్ళా? ‘బాహుబలి–2’ 2017 చివర్లో అక్కడ విడుదలయ్యాక, ప్రేక్షకులు వేషాలు కట్టుకుని, గంటలు మోగిస్తూ, తెరకు బదులిచ్చేలా కేకలు పెట్టే ప్రదర్శనలు జరిగాయి. ‘జై మాహిష్మతి’ అని వాళ్ళు అరవడం 2018లో రాజమౌళి స్వయంగా వెళ్ళి చూశారు. ఆ అరిచినవాళ్ళలో తెలుగు అక్షరం వచ్చినవాళ్ళు ఎంతమంది? ఏ కేక ఎక్కడ వెయ్యాలో మాత్రం అందరికీ తెలుసు. అది చూసి మనం మురిసిపోయాం. బెర్లిన్ పిల్లల కాటుక చూసి నవ్వే హక్కు అక్కడితో పోయింది.

దూరం నిజంగా బరువయ్యేది చావు దగ్గర. ఎక్స్ జపాన్ గిటారిస్టు హిదె 1998 మే 2న 33 ఏళ్ళకే పోయినప్పుడు, టోక్యోలోని త్సుకిజి హొంగన్‌జి ఆలయం దగ్గర అంత్యక్రియలకు దాదాపు 50 వేలమంది వచ్చారు. విదేశాల్లో అప్పటికి అభిమానులు కొద్దిమంది. పూలు పట్టుకుని నిలబడేందుకు వాళ్ళకు వీధి లేదు. 2023 అక్టోబర్ 19న బక్-టిక్ గాయకుడు అత్సుషి సకురాయి యొకొహామాలో వేదిక మీదే అస్వస్థుడై, మెదడు కాండంలో రక్తస్రావంతో ఆ రాత్రే మరణించాడు. వయసు 57. వార్త ఐదు రోజుల తర్వాత బయటకొచ్చింది. ఆ ఐదు రోజులూ పాత కచేరీల కబుర్లు ఎప్పటిలాగే అనువాదమవుతూ ఉన్నాయి. ఆ డిసెంబర్‌లో మిగిలిన నలుగురూ టోక్యోలోని బుడోకాన్ హాల్లో అతని రికార్డు గొంతుతో కలిసి వాయించారు. తర్వాతి ఏప్రిల్‌లో గజెట్ బాసిస్టు రేయితా, 42 ఏళ్ళు. దూరాన ఉన్న అభిమానులు ఇంట్లో ఎవరికి చెప్పుకుంటారు? ఎప్పుడూ కలవని మనిషి కోసం, తనవాళ్ళెవరికీ పేరు కూడా తెలియని మనిషి కోసం ఆఫీసులో సెలవు ఎలా అడుగుతారు? కొందరు మామూలుగా పనికెళ్ళి, సాయంత్రం ఇంటికొచ్చి, అతను చివరగా అన్న మాటలను ఇంకోసారి సరిచూసి అనువదించారు. చేతనైన కర్మ అదే.

తర్వాత ఏదో ఒక ఏడాది వాళ్ళలో కొందరు జపాన్ వెళ్తారు. హిదె సమాధి చూడటానికి మియురా దాకా రైలెక్కుతారు. సాయంత్రం లైవ్ హౌస్ ముందు నిలబడి తమ సంఖ్యను జపనీస్‌లో పిలిచేటప్పుడు తప్పిపోతుందేమోనని వేళ్ళమీద లెక్కపెట్టుకుంటారు. డీవీడీలు చూసి నేర్చుకున్న చేతి కదలికలు సగం కుదురుతాయి, సగం పక్కమ్మాయి భుజానికి తగులుతాయి. ఆ పక్కమ్మాయి ఏమీ అనుకోకుండా తర్వాతి పాటకు ముందే చెయ్యి ఎటు తిప్పాలో సైగ చేసి చూపిస్తుంది. ఫోను సంచిలోనే ఉంటుంది, అది నియమం. రాత్రి చిన్న హోటల్ గదిలో, చెవుల్లో ఇంకా హోరు ఉండగా, పాటల వరస మరిచిపోకముందే రాయడం మొదలుపెడతారు. ఎన్కోర్‌లో పాడిన రెండు పాటలు, గాయకుడు చెప్పిన కబురులో అర్థమైనంత, అర్థం కానిచోట చుక్కలు. పంపిన కాసేపటికి సావ్ పావ్లో నుంచి, లైప్‌జిగ్ నుంచి ప్రశ్నలు వస్తాయి. అంతా రాశావు, బాగుంది. గిటారిస్టు జుట్టు ఇప్పుడు ఏ రంగులో ఉంది? కొత్త కోటుకు గుండీలున్నాయా, కొక్కేలున్నాయా? మూడో పాటలో అతను నిజంగానే నవ్వాడా, లేక వెలుతురు అలా పడిందా?