ఫిల్టర్ ఇస్తామంటే ముందు నీళ్ల రిపోర్టు అడగండి

చవకగా దొరికే మట్టి, రాళ్లతో నీళ్లలోని విష లోహాలను తీసేయొచ్చనే మాట ఈమధ్య బాగా వినబడుతోంది. అబద్ధమేం కాదు. బంకమట్టి, జియోలైట్, లాటరైట్ లాంటి ఖనిజాలు కొన్ని లోహాలను తమ ఒంటికి అంటించుకుంటాయి. కానీ ఏ ఖనిజం ఏ లోహాన్ని పడుతుంది? పట్టిన విషాన్ని తర్వాత ఎక్కడ పడేస్తారు? గనుల పక్కన బతికే ఆదివాసీ ఊళ్లకు ఇవి ప్రాణం మీది ప్రశ్నలు.

ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయనే చూడండి. దేశంలోని క్రోమైట్ నిల్వల్లో సుమారు 97 శాతం అక్కడే ఉన్నాయంటారు. జువాంగ్, ముండా, హో జనం బతికే నేల అది. 2007లో అమెరికాకు చెందిన బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ప్రపంచంలోని పది అతి కలుషిత ప్రాంతాల జాబితాలో సుకిందాను చేర్చింది. ఓపెన్‌కాస్ట్ గనుల్లోంచి తోడిన నీళ్లు, మట్టి గుట్టల మీద నుంచి జారిన వాన నీళ్లు దమ్‌సాల నాలాలో కలిసి బ్రాహ్మణి నదిలోకి పోతాయి.

ఆ నీళ్లలోని విషం క్రోమియం-6. తాగే నీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ ప్రమాణం. ఆ మోతాదులో రంగు కనబడదు, రుచి తెలీదు. కాస్తే పోదు సరికదా, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. మామూలు బంకమట్టికి, జియోలైట్‌కి పైన ఋణావేశం ఉంటుంది. సీసం, కాడ్మియం సాధారణంగా ధనావేశంతో తిరుగుతాయి కాబట్టి వాటికి అంటుకుంటాయి. క్రోమియం-6 అలా కాదు. ఆక్సిజన్‌తో కలిసి క్రోమేట్‌గా, ఋణావేశంతో ఉంటుంది. రెండూ ఒకే ఆవేశమైతే నెట్టేసుకుంటాయి గానీ అంటుకోవు. సీసానికి పనిచేసిన ఫిల్టర్‌ని తెచ్చి సుకిందాలో బిగిస్తే నీళ్లు తేటగానే వస్తాయి, విషమూ వాటితోపాటే వస్తుంది. ఐరన్ ఆక్సైడ్ ఎక్కువున్న లాటరైట్ కొంత నయం. అయితే నీటిలో క్షారం పెరిగేకొద్దీ దాని పట్టు సడలుతుంది. అందుకే గని నీళ్లను శుద్ధి చేసేచోట ఫెర్రస్ సల్ఫేట్ కలుపుతారు. దాంతో క్రోమియం-6 కాస్తా విషం చాలా తక్కువుండే క్రోమియం-3గా మారి మడ్డిగా అడుక్కి దిగుతుంది. ఇదేం బ్రహ్మవిద్య కాదు. జోరువానలో కూడా ఆపకుండా చేస్తున్నారా లేదా అన్నదే ప్రశ్న.

ఇంకోటి. ఏ ఖనిజమైనా ఎంతో కొంతే పట్టుకుంటుంది. నిండిపోయాక కూడా నీళ్లు మునుపటిలాగే ధారగా వస్తుంటాయి, చూసేవాళ్లకి తేడా తెలీదు. ఎవరు, ఎప్పుడు మారుస్తారో రాసిపెట్టని ఫిల్టర్ కొన్నాళ్లకు ఫొటోకి తప్ప పనికిరాదు. తీసిన మడ్డిని గెడ్డ పక్కన పారబోస్తే మట్టిలోని మాంగనీస్ ఆక్సైడ్లు క్రోమియం-3ని మళ్లీ క్రోమియం-6గా మార్చగలవు. అప్పుడది తిరిగి మన ఊటలోకే వస్తుంది.

డబ్బుల్లేవంటే ఒప్పుకోకండి. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా మినరల్ ఫౌండేషన్లు పెట్టారు. ఆ నిధుల ఖర్చులో తాగునీటిది అధిక ప్రాధాన్యం. అది తవ్వినందుకు కంపెనీలు కట్టాల్సిన సొమ్ము, ధర్మం కాదు. ఫిల్టర్లు పంచినవాళ్లకి శాలువాలు కప్పే అలవాటు మనమూ మానుకోవాలి.

చదువుకున్న మన పిల్లలు చేయగలిగిన పని ఒకటుంది. ఆమ్లం కలిపిన నీటిలో డైఫినైల్‌కార్బజైడ్ వేస్తే, క్రోమియం-6 ఉంటే గులాబీ-ఊదా రంగు వస్తుంది. ఈ పద్ధతితో పనిచేసే కిట్లు దొరుకుతాయి. చేతికి తొడుగులు వేసుకుని, తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోండి. రంగు వస్తే ల్యాబ్ రిపోర్టు కోసం పట్టుబట్టండి.

ఫిల్టర్ పెట్టారని గని దగ్గర శుద్ధి ఆపనివ్వకూడదు. పశువులు, చేపలు, పొలాలు తాగేది నాలా నీళ్లే కదా.

మీ ఊరికి ఫిల్టర్ తెస్తామని ఎవరొచ్చినా గ్రామసభలో ఇవి అడిగి, జవాబులు తీర్మానాల పుస్తకంలో రాయించండి: మా నీళ్లలో ఏ లోహం ఉంది, ఎంతుంది? ఈ ఖనిజాన్ని మా ఊరి నీళ్లతోనే పరీక్షించారా? ఎన్ని లీటర్ల తర్వాత మార్చాలి? నిండిన సరుకు ఎవరి బండిలో, ఎక్కడికి పోతుంది?