మన్వంతరాదిలో భూమి ఎక్కడ ఉన్నది?

సంధ్యావందనమైనా, వ్రతమైనా, పితృకార్యమైనా సంకల్పం లేనిదే ప్రారంభం కాదు. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, ఇరువది ఎనిమిదవ మహాయుగం, కలియుగ ప్రథమపాదం అని కర్త తన కాలాన్ని ఉచ్చరిస్తాడు. పిమ్మట జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణదిశ, శ్రీశైలానికి ఫలానా దిక్కు, కృష్ణాగోదావరుల మధ్యదేశం అని తన స్థలాన్ని చెబుతాడు. ఇటీవల కొందరు దీనిని ఋషులు కనిపెట్టిన జీపీఎస్ అని ప్రచారం చేస్తున్నారు. ఈ పోలిక సంకల్పానికి గౌరవం తెచ్చేది కాదనీ, పైగా అందులోని సూక్ష్మాన్ని మరుగుపరుస్తున్నదనీ నా అభిప్రాయం.

మనం నిత్యం పేర్కొనే వైవస్వత మన్వంతరం ఆరంభమైన నాడు ఈ భూమి అంతరిక్షంలో ఎక్కడ ఉన్నది? గడచిన మహాయుగాలు 27. ఒక్కొక్కటి 43,20,000 సంవత్సరాలు. వాటికి ప్రస్తుత మహాయుగంలో గతించిన కాలాన్ని కలిపితే సుమారు 12 కోట్ల 5 లక్షల సంవత్సరాలు. సూర్యుడు సమస్త గ్రహపరివారంతో సెకనుకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో పాలపుంత కేంద్రాన్ని పరిభ్రమిస్తున్నాడు. ఒక ప్రదక్షిణకు 22 నుండి 25 కోట్ల సంవత్సరాలు పడుతుంది. అనగా మన్వంతరాదిలో భూమి ఆ కేంద్రానికి ఇంచుమించు ఆవలివైపున ఉన్నదన్నమాట! కలియుగారంభం నుండి లెక్కించినా మనం సుమారు నాలుగు కాంతిసంవత్సరాల దూరం సాగివచ్చాం. నిరుటి ఆబ్దికానికీ ఈ ఏటి ఆబ్దికానికీ నడుమనే 700 కోట్ల కిలోమీటర్లకు పైగా గడచిపోయింది.

అయితే ఈ అంకెలన్నీ పాలపుంత కేంద్రాన్ని నిశ్చలమని భావించి చెప్పినవి. ఆ కేంద్రమూ చలిస్తూనే ఉన్నది. విశ్వమంతటా వ్యాపించిన సూక్ష్మతరంగ వికిరణాన్ని ఆధారంగా గ్రహిస్తే సూర్యుని వేగం సెకనుకు సుమారు 370 కిలోమీటర్లు. ఏది నిజమైన వేగం? ఆధారం మారితే ఉత్తరం మారుతుంది, రెండూ నిజమే. నిశ్చలమైన ఈథర్ అనే మాధ్యమంలో భూగమనాన్ని పట్టుకోవాలని 1887లో మైకెల్సన్, మోర్లీ చేసిన ప్రయోగంలో అట్టి గమనం కనబడలేదు. 1905లో ఐన్‌స్టైన్ అట్టి నిరపేక్ష నిశ్చలస్థానపు అవసరమే లేదన్నాడు.

తర్కశాస్త్రం చదివిన వారికి ఇది అపరిచితమైన మాట కాదు. ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో దిక్కును ఏకం, విభువు, నిత్యం అని నిరూపించాడు. తూర్పు, పడమర అనే భేదాలు ఆ దిక్కులో స్వతఃసిద్ధంగా లేవు, సూర్యోదయాది ఉపాధుల వలన ఏర్పడిన వ్యవహారాలు అవి. దూరం, సామీప్యం కూడా అంతే. మరొక వస్తువును అపేక్షించి చెప్పవలసినవే. వైశేషికులు సాపేక్షతా సిద్ధాంతాన్ని ముందే కనిపెట్టారని నేను అనడం లేదు. అట్లా అనడం వారికీ ఐన్‌స్టైన్‌కూ అన్యాయమే. కాని అపేక్ష లేకుండా స్థలాన్ని చెప్పలేమన్న వివేకం ఆ చింతనలో ఉన్నది. సంకల్పంలోనూ ఉన్నది. శ్రీశైలాన్ని బట్టి, నదులను బట్టి, మేరువును బట్టి తప్ప కర్త తన చోటును చెప్పడు గదా. ఆ శ్రీశైలమైనా, భారత భూఫలకంతో పాటు ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరంగా జరుగుతున్నది.

ఇక గణితానికి ఉన్న హద్దు మరొకటి. గ్రహాలు పరస్పరం ఆకర్షించుకోవడం వలన స్వల్పమైన దోషం సైతం కాలక్రమంలో అపారంగా పెరుగుతుందని 1989లో ఫ్రెంచి ఖగోళవేత్త జాక్ లాస్కర్ నిరూపించాడు. నేటి భూస్థానంలో 15 మీటర్ల పొరపాటు చాలు, 10 కోట్ల సంవత్సరాల నాటికి భూమి తన కక్ష్యలో ఏ భాగాన ఉన్నదో చెప్పడం అసాధ్యమవుతుంది. మన్వంతరాది ఆ హద్దుకు ఆవల ఉన్నది. భూభ్రమణం విషయంలో ఈ హద్దు మరీ సమీపం. చంద్రుని వలన కలిగే సముద్రపు పోటుపాట్ల కారణంగా దినప్రమాణం శతాబ్దానికి సుమారు 1.7 మిల్లీసెకన్ల చొప్పున పెరుగుతున్నది. క్రీ.పూ. 136 ఏప్రిల్ 15న బాబిలోనులో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించినట్లు అక్కడి మట్టిఫలకాలు చెబుతున్నాయి. భూమి సమవేగంతో తిరిగిందనుకొని లెక్కిస్తే ఆ నీడ బాబిలోనుకు ఎంతో పడమరగా పడాలి. రెండువేల పైచిలుకు సంవత్సరాలకే ఇంత వ్యత్యాసం!

ఈ సంగతి ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, 8,69,000 సంవత్సరాలకు పూర్వమే ముగిసిన త్రేతాయుగానికి సాఫ్ట్‌వేర్‌తో లగ్నం కట్టి, అది కుదిరింది కనుక రామాయణం సత్యమని చాటేవారు పెరుగుతున్నారు. లగ్నం భూభ్రమణం మీద ఆధారపడినది. అంత ప్రాచీనకాలపు భ్రమణాన్ని ఏ యంత్రమూ ఘడియ లెక్కన నిర్ణయించలేదు. శ్రీరాముని పట్ల భక్తి అట్టి లెక్క మీద నిలబడితే, ఆ లెక్క తప్పిన నాడు భక్తుని గతి ఏమిటి?

తల్లిదండ్రుల తిథి నాడు మనం అదే చోటికి తిరిగివస్తున్నామా అని ఒక సాధకుడు నన్ను అడిగాడు. చోటికి రావడం లేదు. తిథి అనేది సూర్యచంద్రుల మధ్య పన్నెండు అంశల ఎడం. అది చోటు కాదు, సంబంధం. ఏటా మరలివచ్చేది ఆ సంబంధమే. అమెరికాలో మన పురోహితులు జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపమని చెప్పించి, అక్కడి నదుల పేర్లు చేర్చి శ్రాద్ధం చేయిస్తున్నారు. దానిని పరిహసించేవారూ ఉన్నారు. నాకు మాత్రం అది సంకల్పాన్ని సరిగా అర్థం చేసుకొన్నవారి పనిగానే కనిపిస్తున్నది.