స్వల్పవ్యయముతో బాలభటుల సమావేశము

పాఠశాలకు బాలభటుల దళ మవసరమని యెల్లరు నంగీకరింతురు. అయినను సమావేశ మనగానే "దీనికెంత యగును?" అను ప్రశ్నయే మొదట పుట్టుచున్నది. పిమ్మట తలకింత యని చందా విధింపబడును. మా యభిప్రాయమున నిది తలక్రిందుల పద్ధతి. వారపు సమావేశమునకు వచ్చు బాలుని చేత నొక్క రూపాయియైన నుండ నక్కఱలేదు.

ఏలయన, చందా యెంత స్వల్పమైనను దానిని తేజాలని బాలుడు ప్రతి తరగతిలో నుండును. వాడు "మా యింట డబ్బు లేదు" అని చెప్పడు. ఒకనాడు కడుపునొప్పి యనును. మఱియొకనాడు మేకలను తోలుకొని పోవలె ననును. కొన్ని వారములకు వాని పేరు పట్టీనుండి తొలగిపోవును. మే మెఱిగిన యొక దళమున విహారయాత్రకు తలకు 50 రూపాయలు కోరగా, ఆ వారమే నలుగురు బాలురు మానిరి. వారిలో నొకడు వలలు అల్లెడి యింటి బిడ్డ. ముడులు వేయుటలో వానిని మించినవాడు దళమున లేడు. వాని నెవ్వరును పొమ్మనలేదు. అయినను వాడు పోయెను.

ఈ యుద్యమమును స్థాపించిన బేడెన్ పవెల్ దొరగారు ఈ విషయమును మఱువలేదు. వారు 1907 ఆగస్టులో ఇంగ్లండునందలి బ్రౌన్సీ ద్వీపమున సుమారు 20 మంది బాలురతో తొలి శిబిరమును నడపిరి. అందు ధనికుల పాఠశాలల బాలురును, బోర్న్‌మత్, పూల్ పట్టణములలోని సామాన్యుల బిడ్డలును కలసి నివసించిరి. మొదటివారికి రుసుము 1 పౌను. తక్కినవారికి 3 షిల్లింగుల 6 పెన్నీలు. నాటి పౌనునకు 20 షిల్లింగులు గనుక, ఇది అయిదవవంతునకు లోపే. మన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ నియమములలోను పొదుపు ఒకటి. బాలునకు పొదుపు నేర్పు దళము తాను దుబారా చేయుట తగునా?

30 మంది చిన్న బాలభటులకు గంటన్నర సమావేశము నిట్లు జరుపవచ్చును. మొదటి 10 నిమిషములు ప్రార్థన, పతాకవందనము, గోళ్లు చెవుల పరిశుభ్రతను చూచుట. యూనిఫారము లేని బాలుని కడపట నిలుపరాదు.

తరువాత 20 నిమిషములు ముడులు. ప్రతి బాలుడు బారెడు త్రాడు తేవలెను. పాత చీర పేలికలతో పేనినదైనను చాలును. కట్టుకట్టుటకు రీఫ్ ముడి, నీటబడినవానికి అందించు త్రాటికి బోలైన్ ముడి నేర్పవలెను. బోలైన్ ఉచ్చు లాగినకొలది బిగియదు.

పిమ్మట 20 నిమిషములు జ్ఞాపకశక్తి ఆట. చింతగింజ, కుంకుడుకాయ, గుండీ, తాళపుచెవి మొదలగు 24 వస్తువులను గుడ్డక్రింద నుంచి, ఒక్క నిమిషము చూపి కప్పివేసి, ఎన్ని జ్ఞాపకమున్నవో జట్టులవారిగా వ్రాయింపవలెను.

మఱి 25 నిమిషములు కొలతలు. ప్రతివాడు తన జాన, మూర, బార ఎన్ని సెంటీమీటర్లో తెలిసికొని, వానితో వరండాను కొలువవలెను. తరువాత నీడతో చెట్టు ఎత్తు కనుగొనవలెను. ఒక మీటరు కఱ్ఱనీడ అర మీటరైన వేళ, వేపచెట్టు నీడ 4 మీటర్లున్నచో చెట్టు ఎత్తు 8 మీటర్లు. గణితమునకు భయపడు బాలుడును దీనికి ఉత్సహించును.

కడపటి 15 నిమిషములు కథ, గుగ్గిళ్లు. కిలో శనగలు నానబెట్టి యుడికించినచో రెండు కిలోలకు మించును. అందఱికి గుప్పెడేసి వచ్చును. ఈ సమావేశమున వ్యయమైనది యిదియే. పాత వార్తాపత్రికలను ప్రోగుచేసి యమ్మినచో బాలురే యీ వెలను సంపాదింపగలరు.

వ్యయమును తగ్గింపరానివి రెండు గలవు: మంచినీరు, గాయములకు శుభ్రమైన గుడ్డయు మందును గల పెట్టె. వీనిని పాఠశాలయే సమకూర్పవలెను.

ఉచితముగా లభించినదానికి విలువయుండదని కొందఱందురు. కాని ఈ సమావేశమున నెవడును ఉచితముగా పొందుటలేదు. త్రాడు పేనుట, ఆవరణ ఊడ్చుట, గిన్నెలు తోముట యెల్లరి వంతు. ధనికుని బిడ్డయు పేదవాని బిడ్డయు సమముగా చెల్లింపగల రుసుమిది. యోహాను సువార్త ఆఱవ అధ్యాయమున జనసమూహమును చూచి ఫిలిప్పు రెండువందల దేనారములును చాలవని లెక్కించెను. అంద్రెయ యొక చిన్నవాని యొద్దనున్న రొట్టెలను, చేపలను చూపెను. దళమును నడపువారు అంద్రెయవలె ముందు బాలుని చేతనున్నదానిని చూడవలెనని మా మనవి.

తల్లిదండ్రులారా, మీ బిడ్డలకు అంగడి తినుబండారములు కట్టియీయక, ఒక పాత త్రాటిని ఇచ్చి పంపుడు. స్కౌటు మాస్టరులారా, రెండు వారములు రాని బాలుని పేరు కొట్టివేయకముందు వాని యిల్లు చూచి రండు. ప్రియ విద్యార్థులారా, మీ జట్టులో నెవడైన మానినచో కారణ మడుగక, వచ్చు వారము వాని యింటిమీదుగా పోయి వానిని వెంటబెట్టుకొని రండు.