మోటారు మొరాయిస్తే

స్విచ్చి వేసినా ట్యాంకులోకి నీరెక్కని ఉదయం ఏ ఇంటికైనా కలవరమే. ఫజర్ వేళ వుజూకు నీరుండదు, వంటింట్లో గిన్నెలు అలాగే ఉంటాయి, పిల్లల బడి సమయం దగ్గరపడుతుంది. ఆ తొందరలో ‘మోటారు కాలిపోయింది, కొత్తది తేవలసిందే’ అన్న తీర్పు ఎవరో ఒకరి నోట వెలువడుతుంది. చాలాసార్లు అది విచారణ లేని తీర్పు.

ఫిఖ్హ్ పాఠాలలో మేము విద్యార్థులకు నేర్పే సూత్రాలలో ఒకటుంది: నిశ్చయంగా తెలిసిన విషయం కేవలం సందేహంతో తొలగిపోదు. వుజూ చేసుకున్నానని రూఢిగా తెలిసినవాడు, భంగమైందేమోనన్న అనుమానంతో దానిని పోయినట్లు ఎంచడు. నిన్నటివరకు తిరిగిన మోటారు విషయంలోనూ ఇదే పద్ధతి మేలు. ఆధారం దొరికేవరకు అది బాగున్నదనే భావించి, కారణాన్ని వరుసగా వెదకాలి.

స్విచ్చి వేసినప్పుడు చప్పుడే లేకుంటే, లోపం సాధారణంగా కరెంటు అందే దారిలో ఉంటుంది. ఎంసీబీ పడిపోయిందా, ఫ్యూజు పోయిందా, స్విచ్చి పాడయిందా, వైరు ఊడిందా అని చూడాలి. మా మల్కాపురం వంటి చోట ఉప్పుగాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1948లో ‘జల ఉష’ ఓడను నీటిలోకి దించిన షిప్‌యార్డు మాకు చేరువలోనే ఉంది. ఓడల ఉక్కునే తినే గాలి, మోటారు టెర్మినళ్ళలోని సన్నని రాగితీగను విడిచిపెట్టదు. అతుకుల వద్ద పచ్చని చిలుము పట్టి కరెంటుకు అడ్డుపడుతుంది. తీగ కొస కత్తిరించి, శుభ్రపరచి, తిరిగి బిగిస్తే మోటారు తిరిగిన సందర్భాలు ఎన్నో.

మోటారు మూలుగుతూ తిరగకుంటే వెంటనే ఆపివేయాలి. ఆ స్థితిలో అది మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. కొద్దిసేపట్లోనే వైండింగు నిజంగా కాలిపోవచ్చు. సింగిల్ ఫేజ్ మోటారుకు మొదటి ఊపునిచ్చేది కెపాసిటర్. కరెంటు పూర్తిగా తీసివేశాక వెనుకనున్న ఫ్యానును తిప్పి చూడాలి. సులువుగా తిరిగితే అనుమానం కెపాసిటర్ మీద, లేదా తక్కువ వోల్టేజి మీద. బిగుసుకుపోతే లోపల తుప్పు పట్టిందని గాని, బేరింగు పోయిందని గాని అర్థం. కెపాసిటర్ వెల కొత్త మోటారు వెలలో చిన్న అంశం మాత్రమే.

మోటారు చక్కగా తిరుగుతున్నా నీరు రాకుంటే, తప్పు మోటారుది కాకపోవచ్చు. పీల్చే గొట్టంలో గాలి చేరి ఉండవచ్చు, అడుగున ఫుట్‌వాల్వు కారుతూ ఉండవచ్చు, లేదా వేసవిలో నీటిమట్టం దిగిపోయి ఉండవచ్చు. గట్టుమీద ఉండే పంపు సిద్ధాంతరీత్యా సుమారు 10 మీటర్ల లోతుకు మించి నీటిని పీల్చలేదు. ఆచరణలో ఏడెనిమిది మీటర్లు దాటడమే కష్టం. అటువంటి చోట కొత్త మోటారు పెట్టినా ఫలితం శూన్యం.

అయితే కరెంటు దగ్గర మాత్రం సందేహానికే పెద్దపీట వేయాలి. ‘కరెంటు ఉందేమో’ అన్న చిన్న అనుమానం కలిగినా చేయి పెట్టరాదు. మోటారు స్విచ్చి ఒక్కటి ఆపితే చాలదు, మెయిను కూడా ఆపాలి. తడి నేలమీద, తడి చేతులతో తాకరాదు. కరెంటు తీసివేసిన తరువాత కూడా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు గనుక దాని కొసలను ముట్టరాదు. మూత విప్పవలసిన పని ఎలక్ట్రీషియన్‌కే వదలాలి. మోటారును గాని పైపును గాని తాకినప్పుడు జివ్వుమంటే, వేస్తూనే ఎంసీబీ పడిపోతుంటే, ఇంట్లో పరీక్షలు అక్కడితో ముగించాలి. ఎర్తు తీగ సరిగా ఉండటం, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అమర్చుకోవడం ఖర్చుగా తోచవచ్చు. స్నానాల గది గోడకు చేయి ఆనించే పసివాడి ప్రాణం ముందు అదొక ఖర్చే కాదు.

మస్జిద్ వుజూఖానాకు నీరందించే మోటారు వద్ద ఈ జాగ్రత్త ఇంకా అవసరం. అక్కడ ఎప్పుడూ తడి ఉంటుంది, పెద్దలూ పిల్లలూ చెప్పులు లేకుండా తిరుగుతారు. పైగా అక్కడ ఖర్చయ్యే సొమ్ము జమాఅత్ అమానతు. కమిటీ పెద్దలు కొత్త మోటారుకు చందా అడిగేముందు, పాతదానిలో లోపమేమిటో పనివానిచేత ఒక కాగితంపై వ్రాయించుకోవడం మంచిది. ఎర్తు ఉన్నదీ లేనిదీ అదే కాగితంలో వ్రాయించాలి.