మాట అవసరమైన వాడిదే మంచి డైలాగు

తెలుగు సినిమా నాటకం కడుపున పుట్టింది. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’కు ఆధారం సురభి వారు ఆడిన నాటకమే. వాగ్ధాటి మీద ఆ మోజు నేటికీ పోలేదు, టీజర్లన్నీ పంచ్ డైలాగుల మీదే నడుస్తున్నాయి. అయినా సినిమా థియేటర్ దిగేసరికి వాటిలో చాలావరకు ఎవరి నోటా వినపడవు. లోపం ప్రాసలో లేదు, రాసేవారి ప్రతిభలోనూ లేదు. మాటతో పనే లేని పాత్ర చేత మాట్లాడించడంలో ఉంది.

జనం నోళ్లలో నానిన మాటలు ఎవరివో చూడండి. ‘పాతాళ భైరవి’ (1951)లో ‘డింభకా’ అనే పిలుపు నేపాళ మాంత్రికుడిది. కథానాయకుడు తోటరాముణ్ణి బలివ్వాలంటే ముందు వాణ్ణి ఊరించి, నమ్మించి వెంట తీసుకెళ్లాలి. అందుకే పింగళి నాగేంద్రరావు అతనికి అంత తియ్యటి మాటలిచ్చారు. ‘ముత్యాల ముగ్గు’ (1975)లో ముళ్లపూడి వెంకటరమణ సృష్టించిన కాంట్రాక్టరు డబ్బు కోసం పచ్చటి కాపురం కూలుస్తాడు. ఆ నీచత్వానికి రసికత ముసుగు కావాలి కనుకే కలాపోసన గురించి తీరిగ్గా మాట్లాడతాడు. ఆ పాత్రలో రావు గోపాలరావు అరవకుండానే భయపెట్టగలిగింది అందుకే.

పాత డైలాగులు నిలిచింది భాష వల్లనో, నటుడి గొంతు వల్లనో అనేవారున్నారు. భాషే కారణమైతే కాంట్రాక్టరు గోదావరి యాస, ‘దాన వీర శూర కర్ణ’ (1977)లో కొండవీటి వెంకటకవి సమాస భూయిష్ఠమైన వచనం రెండూ నిలవకూడదు. ఇక గొంతు సంగతి. ఆ సినిమాలో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఎన్టీఆరే. అయినా జనం కంఠతా పట్టింది దుర్యోధనుణ్ణే. కర్ణుడి కులం అడిగిన పెద్దలను వాళ్ల పుట్టుపూర్వోత్తరాలతోనే నిలదీసే ఆ సన్నివేశంలో ప్రతినాయకుడి చేతిలో న్యాయమైన వాదన ఉంది. కృష్ణుడు గెలుస్తాడని అందరికీ ముందే తెలుసు, సభను ఒప్పించాల్సిన అగత్యం దుర్యోధనుడిది.

మరి నాయకుల మాటలు నిలవలేదా? నిలిచాయి. ‘అల్లూరి సీతారామరాజు’ (1974)లో త్రిపురనేని మహారథి రాసిన మాటలే సాక్ష్యం. అక్కడ బ్రిటిష్ అధికారి రూథర్‌ఫర్డ్ ఎదుట నిలిచిన నాయకుడికి చావు తప్పదు, మిగిలిన ఆయుధం మాటే. వందమందిని ఒక్క దెబ్బకు పడగొట్టే నేటి కథానాయకుడికి ఆ ఇరకాటం లేదు. కొట్టాక చెప్పినా, కొట్టకముందు చెప్పినా అతని డైలాగు అలంకారమే.

సినిమా దృశ్య మాధ్యమం, ఇంత మాటల గోల దేనికనే అభ్యంతరమూ ఉంది. సింగీతం శ్రీనివాసరావు 1987లో సంభాషణలే లేకుండా ‘పుష్పక విమానం’ తీసి మెప్పించారు. నిజానికి అది ఈ వాదానికే బలం. అవసరం లేనిచోట మాట తీసేయగల దర్శకుడికే అవసరమైన చోటు తెలుస్తుంది. అదే ఏడాది జంధ్యాల ‘అహ నా పెళ్లంట’లో పిసినారి లక్ష్మీపతి చేత అన్నేసి మాటలు మాట్లాడించారు. తన పిసినారితనమే లోకజ్ఞానమని అడుగడుగునా రుజువు చేసుకోవాలి గనుక ఆ పాత్రకు అవి కావాలి.

కాబట్టి మన రచయితలు హీరోకు మరో పంచ్ వెతికే ముందు అతని ఎదుటివాడికి ఒక గట్టి వాదన ఇవ్వాలి. నిర్మాతలు, తారలు అందుకు ఒప్పుకోవాలి. ఎదుటి పాత్ర నోరు నొక్కేసినంత కాలం హీరో మాటకూ ఆయుష్షు ఉండదు.